వేడి గోడ, మరిగే నీరు, ఊగే పీడనం



ఎవరి స్మృతిలో ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ మాస్టారి గుణగణాలు ఇక్కడున్న చాలామందికి బాగా తెలుసు. వాటిని నేను కొత్తగా ఏకరువు పెట్టక్కర్లేదు. పనిచేసినన్నాళ్లూ ఆయన వదలకుండా పట్టుకున్న సమస్య ఒకటుంది. దాని గురించి శ్రద్ధగా మాట్లాడుకోవడమే ఆయనకు తగిన నివాళి అనుకుని ఆ విషయాన్నే ఎంచుకున్నాను.

ఒక గోడ వేడిగా ఉంది. దాన్ని ఒరుసుకుంటూ ద్రవం పారుతోంది. వేడి పెంచుతూ పోతే గోడను ఆనుకున్న ద్రవం మరగడం మొదలవుతుంది. అక్కణ్ణుంచి కొంతమేర మనకు లాభమే. ఆ తర్వాత ఒకానొక దశలో, పంపు మార్చలేదు, వాల్వు ముట్టుకోలేదు, వేడి కూడా పెంచలేదు, అయినా ప్రెషర్ గేజి ముల్లు ఊగడం మొదలుపెడుతుంది. ప్రవాహం పెరుగుతుంది, తగ్గుతుంది, మళ్లీ పెరుగుతుంది. ఒక్కోసారి ఆ ఊపు దానంతటదే సర్దుకుంటుంది. ఒక్కోసారి పెరిగి పెరిగి గోడనే కాల్చేస్తుంది. థర్మల్ స్టేషన్ బాయిలర్ గొట్టంలో, అణు రియాక్టర్ ఇంధన కడ్డీల మధ్య, రాకెట్ ఇంజన్ గోడలో, ఇప్పుడు కంప్యూటర్ చిప్‌ల వీపు మీద చెక్కుతున్న సన్నటి కాలువల్లో కూడా ఇదే జరుగుతోంది.

చెప్పదలచుకున్న మాట ముందే చెప్పేస్తాను. ఈ ఊగిసలాటకు కారణం గోడ దగ్గర మాత్రమే వెతికితే దొరకదు. ద్రవం ఎటునుంచి వస్తోంది, ఎంతసేపు వేడిలో ఉంటోంది, దారిలో ఎక్కడ ఎంత అడ్డు ఎదురవుతోంది అన్నవన్నీ కలిపి చూస్తేనే దొరుకుతుంది. మన పాఠ్యపుస్తకాలు గోడను బాగానే చూపిస్తాయి. దారిని చూపించవు.

అసలు మరగనివ్వడం ఎందుకని ఎవరైనా అడగవచ్చు. కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 4.2 కిలోజౌళ్లు చాలు. అదే కిలో నీరు 100 డిగ్రీల దగ్గర ఆవిరి కావాలంటే 2,257 కిలోజౌళ్లు మింగుతుంది. అంటే చిన్న గోడ నుంచి పెద్ద మొత్తంలో వేడి లాగేయాలంటే ద్రవాన్ని మరగనివ్వడాన్ని మించిన ఉపాయం లేదు. కానీ దీనికి ఒక మూల్యం ఉంది. మామూలు వాతావరణ పీడనం దగ్గర లీటరు నీరు ఆవిరైతే దాదాపు 1,600 లీటర్ల చోటు కావాలి. ఇరుకు గొట్టంలో అంత చోటు ఎక్కడిది? ఆవిరి ముందున్న నీటిని తోస్తుంది, వెనక వచ్చే నీటిని నిలవేస్తుంది. ఈ ఉపన్యాసంలో వచ్చే కష్టాలన్నిటికీ మూలం ఇక్కడుంది. పీడనం పెంచితే ఈ తేడా తగ్గుతుంది. 70 బార్ల దగ్గర ఆవిరి నీటికి 20 రెట్ల చోటు మాత్రమే తీసుకుంటుంది. 221 బార్లు, 374 డిగ్రీల సందిగ్ధ స్థానం దగ్గర ఆ తేడాయే మాసిపోతుంది. పీడనం తక్కువగా ఉన్నప్పుడే ప్రమాదం ఎక్కువ అన్న సంగతి విద్యార్థులు గుర్తుపెట్టుకోవాలి. మళ్లీ దీని అవసరం పడుతుంది.

గోడ మీద బుడగ ఎక్కడ పడితే అక్కడ పుట్టదు. లోహం ఎంత నునుపుగా కనిపించినా దాని మీద కంటికి ఆనని గుంటలుంటాయి. వాటిలో చిక్కుకున్న కాస్త గాలి, కాస్త ఆవిరి బుడగకు విత్తనం. గుంట ఎంత చిన్నదైతే తలతన్యత బుడగను అంతగా నొక్కిపెడుతుంది, దాన్ని దాటడానికి గోడ అంత ఎక్కువ వేడెక్కాలి. మామూలు పీడనం దగ్గర 5 మైక్రాన్ల వ్యాసార్ధమున్న గుంట నుంచి బుడగ లేవాలంటే గోడ 100 డిగ్రీలకు పైన ఇంకో ఆరేడు డిగ్రీలు వేడెక్కితే చాలు. ఒక మైక్రాన్ గుంటయితే ఇరవై డిగ్రీలకు పైనే కావాలి. అందుకే మరీ నునుపైన గోడ, గాలి పూర్తిగా తీసేసిన నీరు మంచి జంట కావు. మరగవలసిన చోట మరగకుండా ఊరుకుని, ఆనక ఒక్కసారిగా పగిలినట్టు మరుగుతాయి. ఆ దెబ్బకు పుట్టే పీడన తరంగం చిన్నదేమీ కాదు.

మరుగుడును కొలతకు లొంగదీసిన మొదటి మనిషి జపాన్‌లోని సెండాయ్‌లో తొహోకు ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన షిరో నుకియామా. 1934లో ఆయన మరుగుతున్న నీటిలో సన్నటి లోహపు తీగ ముంచి అందులోంచి కరెంటు పంపారు. వేడిచేసేదీ ఆ తీగే, ఉష్ణోగ్రత చెప్పేదీ ఆ తీగే. దాని విద్యుత్ నిరోధాన్ని బట్టి అది ఎంత వేడిగా ఉందో లెక్కగట్టారు. కరెంటు పెంచేకొద్దీ తీగ మీంచి పోయే వేడి జోరుగా పెరిగింది, తీగ ఉష్ణోగ్రత మాత్రం కొద్దిగానే పెరిగింది. చదరపు మీటరుకు సుమారు 10 లక్షల వాట్ల దగ్గరికి వచ్చేసరికి, మరి కాస్త కరెంటు పెంచగానే నైక్రోమ్ తీగ క్షణంలో ఎర్రబడి కరిగి తెగిపోయింది. ప్లాటినం తీగయితే కరగకుండా తట్టుకుని, చుట్టూ ఆవిరి తొడుగు వేసుకుని వెయ్యి డిగ్రీలు దాటి వెలుగుతూ నిలబడింది. కరెంటు తగ్గిస్తూ వస్తే అది వచ్చిన దారినే వెనక్కి రాలేదు, వేరే దారిన దిగింది. నీరు గోడను తడపలేకపోయిన క్షణం ఎలా ఉంటుందో ఆ ప్రయోగం చూపించింది. ఆ అంచునే ఈనాడు క్రిటికల్ హీట్ ఫ్లక్స్ అంటున్నాం, ప్లాంటుల్లో బర్న్‌అవుట్ అంటారు. ఆ జపనీస్ వ్యాసం ఇంగ్లీషులోకి వచ్చింది 1966లో. అంత గొప్ప పని మూడు దశాబ్దాల పాటు బయటి ప్రపంచంలో చాలామందికి సరిగా అందలేదంటే నాకు బాధగానే ఉంటుంది.

నుకియామా తీగ నిలవ నీటిలో ఉంది. పారే నీటి సంగతి వేరు. పారే నీరు గోడను చల్లబరుస్తూ బుడగలను ఊడ్చుకుపోతుంది కాబట్టి బర్న్‌అవుట్ అంచు ఇంకా పైకి జరుగుతుంది. ఆ మేరకు మేలే. కానీ పారే నీటికి ఒక దారి, ఒక పంపు, ముందూ వెనకా గొట్టాలూ ఉంటాయి. మరుగుడు వాటన్నిటితోనూ ముడిపడుతుంది.

మాస్టారి ప్రయోగశాలలో నిలువుగా బిగించిన ఒక గాజు గొట్టం ఉండేది. మధ్యలో స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ, దానిలోంచి కరెంటు. కింద నుంచి నీరు ఎక్కి పై నుంచి పోతుంది. కింద ప్రవాహాన్ని కొలిచే రోటామీటరు, రెండు చివర్లా ప్రెషర్ గేజీలు. కరెంటు నెమ్మదిగా పెంచుతుంటే మొదట కడ్డీ చుట్టూ నీరు వణికినట్టు కనిపిస్తుంది, అది వేడి తేడా వల్ల వెలుతురు వంగడం. కాసేపటికి కడ్డీ పై భాగంలో ఒక చోట ఒక బుడగ మెరిసి మాయమవుతుంది. మళ్లీ అక్కడే, మళ్లీ అక్కడే. చూస్తుండగా చుట్టూ పదులు, వందలు. చల్లటి నీటిలోకి ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిగేసరికి ప్రతి బుడగా కుప్పకూలుతుంది. అప్పుడే శబ్దం మొదలవుతుంది. టిక్కుటిక్కుమని విడివిడిగా వచ్చేది, కరెంటు పెంచేకొద్దీ కలిసిపోయి బుస కొడుతుంది. అన్నం ఎసరు మరిగే ముందు గిన్నె పాడే పాట ఇదే. అడుగున పుట్టిన బుడగలు పైనున్న చల్లటి నీటిలో కూలిపోవడం వల్లే ఆ చప్పుడని స్కాట్లండ్ శాస్త్రవేత్త జోసెఫ్ బ్లాక్ 18వ శతాబ్దంలోనే చెప్పాడు. ఎసరు నిజంగా తెర్లడం మొదలుపెట్టాక ఆ పాట తగ్గడం వంటింట్లో ప్రతివాళ్లూ గమనించే ఉంటారు. అప్పటికి బుడగ కూలిపోవడానికి చల్లటి నీరు మిగలదు.

గాజు గొట్టంలో కరెంటు ఇంకా పెంచితే పై సగం తెల్లగా నురగెత్తుతుంది. బుస తగ్గుతుంది. అంతా సర్దుకుందనిపించే ఆ సమయంలోనే మాస్టారు, "ఇప్పుడు కిందికి చూడండర్రా" అనేవారు. రోటామీటరులో బొంగరం లాంటి ఫ్లోటు మెల్లగా లేస్తుంది, దిగుతుంది, మళ్లీ లేస్తుంది. పైన నురగ మట్టం అదే లయలో కిందికి దిగి పైకి పోతుంది, కానీ ఫ్లోటుతో పాటు కాదు, కొంచెం వెనకబడి. ఆ వెనకబాటును కళ్లతో చూసిన విద్యార్థి ఈ విషయాన్ని ఇక మర్చిపోలేడు.

ఆ గొట్టంలో మనం రెండు జాతుల కంపనాలు చూశాం. మొదటిది ధ్వనికి సంబంధించింది. బుడగ కూలినప్పుడు ఎంత పీడనం పుట్టగలదో లార్డ్ రేలీ 1917లో లెక్కగట్టాడు. బుడగ తనంతట తాను ఏ శ్రుతిలో మోగుతుందో మిన్నార్ట్ 1933లో చెప్పాడు. మిల్లీమీటరు వ్యాసార్ధమున్న గాలి బుడగ నీటిలో సుమారు 3,300 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఇక్కడ ఒక వింత ఉంది. స్వచ్ఛమైన నీటిలో ధ్వని సెకనుకు 1,480 మీటర్లు పోతుంది. గాలిలో 340. రెండూ కలిస్తే మధ్యలో ఎక్కడో ఉంటుందనుకుంటాం. మామూలు పీడనం దగ్గర నీటిలో నూటికి ఒక వంతు గాలి బుడగలు కలిస్తేనే ధ్వని వేగం సెకనుకు సుమారు 100 మీటర్లకు పడిపోతుంది. సగానికి సగం కలిస్తే 20కి. నీటి బరువు, గాలి మెత్తదనం రెండూ ఒకేచోట చేరడమే కారణం. ఈ లెక్కను వుడ్ 1930లో ఇచ్చాడు. దీని ఫలితం ఇంజనీరుకు చాలా ముఖ్యం. నీటితో నిండి ఉన్నప్పుడు వందల హెర్ట్జ్ దగ్గర మోగే గొట్టం, బుడగలు నిండగానే పదుల హెర్ట్జ్‌కు దిగి, పంపు తిరిగే వేగంతోనో గొట్టం బిగింపుల సహజ కంపనంతోనో జత కలవవచ్చు. చల్లటి స్థితిలో చేసిన కంపన పరీక్ష వేడి స్థితికి పనికిరాదని నేను గట్టిగా చెప్పడానికి ఇదే ఆధారం.

రెండో జాతి నెమ్మదిది. సెకన్లలో, ఒక్కోసారి నిమిషాల్లో ఊగుతుంది. ప్లాంటులను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది ఇదే.

దీనిలో తొలి పాఠం నేర్పినవాడు లెడినెగ్ అనే ఇంజనీరు, 1938లో. నీటి గొట్టాల్లో సాధారణంగా ప్రవాహం పెరిగితే పీడన నష్టం పెరుగుతుంది. మరిగే గొట్టంలో అది ఒక మేర తలకిందులవుతుంది. ప్రవాహం తక్కువైతే నీటిలో ఎక్కువ భాగం ఆవిరవుతుంది, ఆవిరి అదే గొట్టంలోంచి విపరీతమైన వేగంతో పోవాలి, కాబట్టి అడ్డు పెరుగుతుంది. ప్రవాహం తగ్గినకొద్దీ అడ్డు పెరిగే ఈ మేరలో గొట్టం నిలకడగా ఉండలేదు. ఇప్పుడు హెడరు అనే ఒకే పెద్ద గొట్టం నుంచి బయల్దేరి మరో హెడరులో కలిసే వంద గొట్టాలను తలచుకోండి. అందులో ఒక దానికి కాస్త ఎక్కువ వేడి తగిలింది. ప్రవాహం కొంచెం తగ్గింది, ఆవిరి పెరిగింది, అడ్డు పెరిగింది, ప్రవాహం ఇంకా తగ్గింది. దాని వంతు నీరు పక్క గొట్టాలు పంచుకున్నాయి. హెడర్ల మధ్య పీడనం మారలేదు, పంపు దగ్గర మొత్తం ప్రవాహమూ మారలేదు. కంట్రోల్ రూములో ఏ గేజీ ఏమీ చెప్పదు. ఆ ఒక్క గొట్టం మాత్రం లోపల ఎండిపోయి పగులుతుంది.

లెడినెగ్ చెప్పినది ఒక వైపుకు జారిపోవడం. ఊగడానికి ఇంకొకటి కావాలి, అది ఆలస్యం. గొట్టం అడుగున నీటి వేగం ఒక్క క్షణం తగ్గిందనుకుందాం. ఆ క్షణాన లోపలికి వచ్చిన నీరు వేడి గోడ పక్కన మామూలు కంటే ఎక్కువసేపు ఉంటుంది, ఎక్కువ ఆవిరవుతుంది, తేలికవుతుంది. ఆ తేలికపాటి ముద్ద పైకి ప్రయాణం చేసి గొట్టం చివరికి చేరడానికి సమయం పడుతుంది. చేరాక అక్కడి పీడన నష్టాన్ని మారుస్తుంది. గొట్టం రెండు చివర్ల మధ్య మొత్తం పీడనం మారదు కాబట్టి పైన ఎంత మారితే కింద అంత సర్దుబాటు జరగాలి. అంటే కింద జరిగిన మార్పుకు పై నుంచి సమాధానం వస్తుంది, కానీ ఆలస్యంగా వస్తుంది. సరిదిద్దవలసిన సమాధానం సగం చుట్టు ఆలస్యమైతే అదే తప్పును పెంచుతుంది. ఇదే సాంద్రతా తరంగ డోలనం. దీని ఆవర్తన కాలం, నీరు గొట్టం దాటడానికి పట్టే సమయానికి సుమారు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉంటుంది. రోటామీటరు ఫ్లోటుకూ నురగ మట్టానికీ మధ్య మనం చూసిన వెనకబాటు అదే.

గొట్టానికి ముందు గాలో ఆవిరో చిక్కుకున్న తొట్టి ఉంటే మూడో రకం వస్తుంది. లెడినెగ్ జారుడు ఒక వైపుకు పోయి ఆగకుండా, ఆ తొట్టి నిండుతూ ఖాళీ అవుతూ ప్రవాహాన్ని అటూ ఇటూ లాగుతుంది. చుట్టు చాలా పొడుగు. ప్రవాహం బాగా తగ్గిన భాగంలో, ఆ పెద్ద అల మీద సాంద్రతా తరంగాల చిన్న అలలు కూడా కనిపిస్తాయి. ఈ రకాలను ప్రయోగశాలలో విడదీసి చూపించినవారు స్టెనింగ్, వెజిరోగ్లు, 1965లో. వేడి ఎంత, లోపలికి వచ్చే నీరు ఎంత చల్లగా ఉంది అన్న రెండు సంఖ్యలతో నిలకడ హద్దును ఒకే పటం మీద గీయవచ్చని 1970లో ఇషీ, జుబర్ చూపించారు. ఈ రంగంలో పనిచేసేవాళ్లు ఈనాటికీ ఆ పటాన్నే వాడుతున్నారు.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే ప్రయోగం మాత్రం 1958 నాటిది. నాసాకు పూర్వరూపమైన నాకాలో లౌడర్‌మిల్క్, లాంజో, సీగెల్ అనే ముగ్గురు సన్నటి గొట్టాల్లో నీటిని పంపి బర్న్‌అవుట్ కొలిచారు. వేడి గొట్టానికి ముందు ప్రవాహానికి అడ్డు పెట్టి ఒకసారి, పెట్టకుండా ఒకసారి. అడ్డు ఉన్నప్పుడు ప్రవాహం నిలకడగా ఉండి గొట్టం ఎక్కువ వేడిని తట్టుకుంది. అడ్డు లేనప్పుడు ప్రవాహం ఊగి, చాలా తక్కువ వేడికే గొట్టం కాలింది. అదే లోహం, అదే నీరు. తేడా అల్లా గోడకు అవతల ఎక్కడో ఉన్న ఆ అడ్డుది. బర్న్‌అవుట్‌ను గోడకూ ద్రవానికీ ఉన్న సొంత లక్షణంగా పుస్తకంలో ఒక పట్టికలో రాసుకుని సంతృప్తి పడితే ఏం పోగొట్టుకుంటామో ఈ ఒక్క ప్రయోగం చెబుతుంది.

ఇంజనీర్లు దీని నుంచి ఒక సూత్రం నేర్చుకున్నారు. నీరు లోపలికి వచ్చే చోట అడ్డు పెంచు, ఆవిరి బయటికి పోయే చోట అడ్డు తగ్గించు. లోపలి అడ్డు వేగం మారిన క్షణంలోనే స్పందిస్తుంది, ఆలస్యం లేదు కాబట్టి ఊపును తొక్కిపెడుతుంది. బయటి అడ్డు ఆలస్యంగా స్పందించి ఊపును పెంచుతుంది. అందుకే బాయిలర్ గొట్టాల అడుగున, రియాక్టర్ ఇంధన కట్టల అడుగున ఆరిఫిస్‌లు అనే సన్నటి రంధ్రాల అడ్డులు పెడతారు. ఆ అడ్డును దాటించడానికి పంపు కొంత ఎక్కువ శక్తి ఖర్చు పెట్టాలి. ఆ ఖర్చును వృథాగా చూసి కోత పెట్టాలనుకునే వాళ్లు ఎప్పుడూ ఉంటారు. నా దృష్టిలో ప్లాంటు మొత్తంలో అంత న్యాయమైన ఖర్చు ఇంకొకటి లేదు.

రియాక్టర్లో మరిగే నీటికి ఇంకొక ముడి ఉంది. అక్కడ నీరు వేడిని మోయడమే కాదు, న్యూట్రాన్ల వేగాన్ని తగ్గించి అణువిచ్ఛిత్తిని సాగనిస్తుంది కూడా. బుడగలు పెరిగితే నీరు తగ్గుతుంది, శక్తి తగ్గుతుంది. ఇది మంచి గుణమే. రియాక్టర్లో నీరు మరిగితే అదుపు తప్పుతుందన్న భయాన్ని 1953లో ఐడహో ఎడారిలో అంటర్‌మయర్ నాయకత్వాన జరిగిన బోరాక్స్ ప్రయోగాలు పోగొట్టాయి. ఆవిరే శక్తిని ఆపగలదని అవి చూపించాయి. మన తారాపూర్‌లో 1969లో మొదలైన రెండు రియాక్టర్లూ ఈ బాయిలింగ్ వాటర్ కోవకు చెందినవే. కానీ ఆ మంచి గుణం కూడా ఆలస్యంగా పనిచేస్తే ఊపును పెంచేదే అవుతుంది.

1988 మార్చి 9న అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని లసాల్ కేంద్రం రెండో యూనిట్‌లో జరిగింది అదే. యూనిట్ 84 శాతం శక్తితో నడుస్తోంది. ఒక కొలత పరికరం వాల్వులు తిప్పడంలో జరిగిన పొరపాటు వల్ల నీటిని తిప్పే రెండు రీసర్క్యులేషన్ పంపులూ ఆగిపోయాయి. ప్రవాహం సహజ ప్రసరణ స్థాయికి పడిపోయింది. దానికి తోడు ఫీడ్ వాటర్ హీటర్లు తప్పుకోవడంతో లోపలికి మామూలు కంటే చల్లటి నీరు వచ్చింది. శక్తి ఎక్కువ, ప్రవాహం తక్కువ, నీరు చల్లన, నిలకడ చెడడానికి కావలసినవన్నీ ఒకేసారి కూడాయి. కాసేపటికి శక్తి సూచికలు రెండు మూడు సెకన్లకోసారి ఊగడం ఆపరేటర్లు గమనించారు. ఊపు పెరుగుతూ పోయింది. పంపులు ఆగిన ఏడు నిమిషాలకు శక్తి సూచిక 118 శాతం తాకి, రియాక్టర్ తనంతట తాను ఆగిపోయింది. ఇంధనానికి నష్టం జరగలేదు. ఆ జూన్‌లోనే అమెరికా అణు నియంత్రణ సంస్థ అన్ని బాయిలింగ్ వాటర్ రియాక్టర్ల యాజమాన్యాలకూ హెచ్చరిక పంపింది. ఆ తర్వాత అలాంటి రియాక్టర్లలో శక్తి ఎక్కువ, ప్రవాహం తక్కువగా ఉండే మూలను నిషిద్ధ ప్రాంతంగా గుర్తించారు, ఊగిసలాటను కనిపెట్టి ఆపే ఏర్పాట్లు చేశారు. ఆ ఏడు నిమిషాల్లో సగటు శక్తి మాత్రమే చూపించే గేజీ ముందు కూర్చున్నవారికి అంతా మామూలుగానే కనిపించి ఉండేది. అందుకే ఈ ఉదంతాన్ని ప్రతి ఇంజనీరింగ్ విద్యార్థీ చదవాలంటాను.

ఇదంతా మనకెందుకన్న ప్రశ్నకు జవాబు ఇప్పుడు మన థర్మల్ స్టేషన్లలోనే ఉంది. ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు స్టేషన్‌లో 210 మెగావాట్ల పాత యూనిట్లు డ్రమ్ము బాయిలర్లవి. సుమారు 150 బార్ల దగ్గర, పూర్తి లోడు మీద అవి చక్కగా నడుస్తాయి. అక్కడ ఆవిరికి నీటికి చోటు తేడా ఆరు రెట్లే. కృష్ణపట్నంలోని 800 మెగావాట్ల సూపర్ క్రిటికల్ యూనిట్లలో పూర్తి లోడు మీద మరుగుడన్నదే లేదు, పీడనం సందిగ్ధ స్థానాన్ని దాటి ఉంటుంది. అయితే ఇప్పుడు మధ్యాహ్నం పూట సౌర విద్యుత్తు వెల్లువెత్తినప్పుడు బొగ్గు యూనిట్లను తగ్గించి నడపక తప్పడం లేదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో తెచ్చిన నిబంధనలు వీటిని 55 శాతం లోడుకు, ఆపైన దశలవారీగా 40 శాతానికి దించి నడపగలిగేలా సిద్ధం చేయమంటున్నాయి. లోడు దించితే ప్రవాహం తగ్గుతుంది. సూపర్ క్రిటికల్ యూనిట్లో లోడుతో పాటు పీడనమూ దిగి సందిగ్ధ స్థానం కిందికి వస్తుంది, అప్పటిదాకా లేని మరుగుడు గొట్టాల్లోకి వస్తుంది. కొలిమిలో మంట కూడా అన్ని గోడలకూ సమానంగా తగలదు. పీడనం తక్కువైతే ప్రమాదం ఎక్కువని ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట ఇక్కడికే. ఈ యూనిట్లను కట్టినవాళ్లు అవి ఏళ్ల తరబడి రోజూ ఇలా ఎక్కిదిగుతాయని అనుకుని కట్టలేదు. సౌర విద్యుత్తు రావాలి, అందులో నాకు రెండో మాట లేదు. దాని కోసం బొగ్గు యూనిట్లు చేస్తున్న ఈ కొత్త పనిని మాత్రం మనం లెక్కలోకి తీసుకోవాలి.

రాకెట్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. కిరోసిన్ లాంటి ఇంధనాన్ని ఇంజన్ గోడలోని కాలువల్లో పంపి గోడను చల్లబరుస్తారు. సందిగ్ధ పీడనం దాటితే మరుగుడు ఉండదు కాబట్టి కంపనాలు కూడా ఉండవనుకున్నారు. 1962లో హైన్స్, వుల్ఫ్ చేసిన ప్రయోగాల్లో అక్కడా పీడన డోలనాలు తేలాయి. గోడ పక్కన సాంద్రత హఠాత్తుగా పడిపోతే చాలు, దానికి బుడగ రూపం ఉండనక్కర్లేదు. కిరోసిన్‌తో నడిచే సెమీ క్రయోజెనిక్ ఇంజన్‌ను మన ఇస్రో తయారుచేస్తున్న ఈ రోజుల్లో ఇది మనకు దూరపు సంగతి కాదు. ఇక కంప్యూటర్ చిప్‌ల మీది సన్నటి కాలువల్లో ఒక్క బుడగే కాలువంతా నిండి నీటిని వెనక్కి నెడుతుంది, అక్కడా మందు అదే, కాలువ మొదట్లో చిన్న అడ్డు.

ఇక విన్నపాలు. మన రెండు తెలుగు రాష్ట్రాల ఇంజనీరింగ్ కళాశాలల్లో ఉష్ణ ప్రసారం ప్రయోగశాల అంటే ఎక్కువ చోట్ల రీడింగు స్థిరపడేదాకా వేచి చూసి రాసుకోవడమే. స్థిరపడని రీడింగు గురించి విద్యార్థికి ఎవరూ చెప్పరు. గాజు గొట్టం, కడ్డీ, చిన్న పంపు, రోటామీటరు, సెకనుకు వెయ్యిసార్లు పీడనం చదవగల రెండు సెన్సార్లు, ఒక కంప్యూటరు, వీటికి మరీ పెద్ద డబ్బు అక్కర్లేదు. ఈ స్మారక నిధిలో ఏటా మిగిలే మొత్తంతో ఒక్కో కళాశాలకు ఒక్కో ఏర్పాటు చేయించమని నిర్వాహకులను కోరుతున్నాను. పరీక్షలో తీగ ఉష్ణోగ్రతకూ దాని మీంచి పోయే వేడికీ సంబంధం చూపే నుకియామా వక్రరేఖ గీయగల విద్యార్థి, ప్రవాహం ఊగడం ఒక్కసారి కళ్లారా చూసి ఉంటే ఆ రేఖను వేరే తీరుగా చదువుతాడు.

థర్మల్ స్టేషన్లలో పనిచేస్తున్న మాస్టారి శిష్యులు ఈ సభలో చాలామంది ఉన్నారు. మీకొక మాట. తక్కువ లోడు మీద యూనిట్ నడిచే వేళ కొలిమి గోడల్లోని వాటర్ వాల్ గొట్టాల లోహ ఉష్ణోగ్రతలను నిమిషం సగటుగా కాకుండా సెకను సెకనుకూ నమోదు చేయించండి. ఏ గొట్టం పగిలినా, పగలడానికి ముందు కొన్ని వారాల పాటు ఆ గొట్టం ఉష్ణోగ్రత ఎలా ఊగిందో వెనక్కి వెళ్లి చూడండి. ఆ సమాచారాన్ని అల్మారాలో పెట్టి తాళం వేయకుండా, సంస్థ అనుమతితో మన కళాశాలల పరిశోధకులకు అందించండి. ఈ దేశపు బొగ్గుతో, ఈ దేశపు లోడు మీద నడిచే బాయిలర్ల నిలకడ హద్దులను వేరే దేశంవాళ్లు వచ్చి మనకు గీసివ్వరు. ఆ పటం గీయవలసిన వాళ్లం మనమే, దానికి కావలసిన కొలతలు మీ కంట్రోల్ రూముల్లో ఈ పూట కూడా నమోదవుతున్నాయి.